ట్రాలీ లేవకపోతే పంపు మార్చొద్దు

అన్నా, వడ్లు నిండా పోస్తే ట్రాక్టర్ ట్రాలీ ఒంపేటప్పుడు మొదట్లోనే లేవకుండా మొరాయిస్తోంది, జాకీకి ఆయిల్ తోసే పంపు పెద్దది వేయించాలా అని అడిగారు. వద్దు. పంపు పెద్దదైతే తొందరగా లేస్తుంది అంతే, బలం పెరగదు. బలమంతా ఆయిల్ ప్రెషర్‌లో, ట్రాలీని లేపే జాకీ బోరులో, అంటే దాని లోపలి వ్యాసంలో ఉంది.

ముందు ప్రెషర్ గేజ్ పెట్టి చూడండి. 150 బార్ రావాల్సింది 110 దగ్గరే రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ ఎక్కువైతే ఆయిల్‌ను వెనక్కి వదిలేది) కూత పెడితే తప్పు అక్కడే. 150 వచ్చినా లేవకపోతేనే పెద్ద బోరు జాకీ వేయించండి. ఆ ప్రెషర్‌కి 80 మిల్లీమీటర్ల బోరు ఏడున్నర టన్నుల పైన నెడుతుంది, 100ది దాదాపు 12. కానీ జాకీ మీటరు పొడవు సాగడానికి ఆయిల్ 5 లీటర్ల బదులు 8 కావాలి. నిమిషానికి 20 లీటర్ల పంపుతో 15 సెకన్ల పని 24 అవుతుంది. కానివ్వండి, మిర్యాలగూడ మిల్లు ముందు లైన్లో నిలబడే బండికి 9 సెకన్లు ఒక లెక్కా! ట్యాంకులో మాత్రం 3 లీటర్లు ఎక్కువ పోయండి. లేదంటే పంపు గాలి పీల్చి, ఆయిల్ పాలలా నురగ కడుతుంది.