అయిదు రొట్టెలు పంచేముందు యేసు జనాన్ని బంతులుగా ఎందుకు కూర్చోబెట్టాడు?

అయిదు రొట్టెలు, రెండు చేపలతో వేలమంది కడుపు నింపే అద్భుతం చేయగలిగినవాడికి ఈ కూర్చోబెట్టడం ఎందుకని మీ ప్రశ్న. బైబిల్లోని మార్కు సువార్త 6వ అధ్యాయంలో జవాబు ఒక్క మాటలో ఉంది. 40వ వచనంలో నూరేసి మంది, ఏభయ్యేసి మంది చొప్పున కూర్చున్నారు. తెలుగు బైబిలు 'పంక్తులు' అంటుంది. గ్రీకు మూలంలోని మాట 'ప్రసియై'. అంటే తోటలోని మడులు!

మన గోదావరి డెల్టావాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తికాకముందూ గోదారిలో నీళ్లున్నాయి. కానీ కాలువ, బోదె, గట్టు, మడి ఉంటేనే శివారు చేనుకీ తడి అందుతుంది. లేకపోతే ఎగువవాడికి ముంపు, దిగువవాడికి ఎండు.

యేసు ముందున్న జనంలో పురుషులే అయిదు వేలమంది. గుంపుగా ఎగబడితే బలమున్నవాడికే రొట్టె దొరికేది, ముసలివాళ్లూ పిల్లలూ వెనకబడేవాళ్లు. మన ఊళ్లో ప్రేమవిందుకి, అంటే చర్చివాళ్లంతా కలిసి తినే భోజనానికి, బంతులు వేసేదీ అందుకే కదా. బంతిలో కూర్చున్నవాడు విస్తరి కోసం తోసుకోనక్కర్లేదు, వడ్డించేవాడే దగ్గరికి వస్తాడు.

నన్ను ఎక్కువగా కదిలించేది ఇది జరిగిన వరస, ఏది ముందు ఏది తర్వాత అన్నది. రొట్టెలు పెరిగాక కూర్చోలేదు వాళ్లు. కనబడుతున్నవి అయిదు రొట్టెలు, రెండు చేపలు, అయినా కూర్చున్నారు. ఆ కూర్చోవడమే విశ్వాసం అని నేను నమ్ముతాను. క్రమం దేవుడి శక్తికి బదులు కాదు, ఆ శక్తి చివరి మనిషిదాకా వెళ్లే కాలువ.

అందరూ తిన్నాక, యోహాను సువార్త 6:12లో, ఏదీ వృథా కాకుండా మిగిలిన ముక్కలు పోగుచేయమన్నాడు యేసు. పన్నెండు గంపలు నిండాయి.