అప్పుల టెన్షన్‌లో స్తుతి ఎలా?

ప్రశ్న: ఇంటి లోను, ప్రమోషన్... నా ప్రార్థనంతా ఇవే. ఆదివారం చర్చిలో అందరూ దేవుడు చేసిన మేళ్ల గురించి సాక్ష్యాలు చెబుతుంటే నాకు నోరు పెగలదు. మనసులో లేకుండా స్తుతిస్తే వేషధారణ కాదా అండీ? - ఒక సోదరి

జవాబు: అమ్మా, లోను గురించి ప్రార్థించడం తప్పు కాదు. అనుదినాహారం అడగమని నేర్పింది ప్రభువే కదా! బైబిల్లోని విలాపవాక్యములు గ్రంథం తీసి చూడండి. క్రీ.పూ. 586లో యెరూషలేము కూలిపోయింది, దేవాలయం కాలిపోయింది, పసిపిల్లలు ఆకలితో సొమ్మసిల్లుతున్నారు. ఆ ఏడుపు మధ్యలోనే, 3వ అధ్యాయంలో, దేవుని వాత్సల్యం ప్రతి ఉదయం కొత్తగా ఉంటుందని రాసి ఉంది. ఆ తర్వాత మళ్లీ ఏడుపే. కాబట్టి ఏడుస్తూనే స్తుతించండి, అందులో వేషమేమీ లేదు.

లూకా సువార్త 17వ అధ్యాయంలో పదిమంది కుష్ఠరోగులు బాగుపడితే కృతజ్ఞత చెప్పడానికి తిరిగొచ్చింది ఒక్కడే, అదీ యూదులు చిన్నచూపు చూసే సమరయుడు. మిగతా తొమ్మిదిమంది స్వస్థతను ప్రభువు వెనక్కి తీసుకున్నట్టు అక్కడ లేదు. (నేనైతే తీసుకునేవాణ్ణేమో!)

ఒక్కటి మాత్రం చూసుకోండి. లూకా 12లోని ధనవంతుడు పెద్ద కొట్లు కట్టాలని లెక్కలేశాడు, ఆ రాత్రే ప్రాణం పోతుందన్న లెక్క మరిచాడు. ప్రమోషన్ వస్తే ఆ డబ్బుతో ఎవరిని ఆదుకుంటారో ఇప్పుడే దేవునితో మాట్లాడండి. రేపటి ప్రార్థనను మాత్రం నిన్న జరిగిన ఒక మేలును పేరు పెట్టి చెప్పి మొదలుపెట్టండి, లోను సంగతి ఆ తర్వాత.