ఆగస్టు 15 సంగతి వాళ్ళకు తెలియదు

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

నీ స్క్రిప్టు ఆసాంతం చదివాను. సింగపూర్‌లో బ్రిటిష్ ఇండియన్ సైన్యపు లారీ నడుపుతూ 1942లో జపాన్‌వాళ్ళకు పట్టుబడిన గోదావరి జిల్లా కుర్రవాడు, బర్మాలోని రంగంలో (రంగూన్‌లో) పుట్టి పెరిగిన తెలుగు అమ్మాయి, ఇద్దరినీ ఒకచోట చేర్చిన ఆజాద్ హింద్ ఫౌజ్. స్వాతంత్ర్య పోరాటం మీద ప్రేమకథ రాయాలనుకున్నవాళ్ళు ఇటువైపు పెద్దగా రారు. నువ్వు వచ్చినందుకు ముందుగా మెచ్చుకుంటున్నాను. ఇక అసలు సంగతికి వస్తాను.

నీ కథలో పెద్ద లోపం ఒక్కటే. మిగతావన్నీ దాని నుంచి పుట్టినవే. దేశానికి స్వాతంత్ర్యం వస్తుందని నీ నాయికానాయకులకు ముందే తెలిసిపోయింది. వాళ్ళు ఆ మాట పైకి అనరు గానీ, ప్రతి సంభాషణలోనూ ఆ ధీమా వినిపిస్తుంది. 1943లో అతను ఆమెతో "మన పిల్లలు స్వేచ్ఛావాయువులు పీలుస్తారు" అంటాడు. ఆమె జెండా మడిచి అతని చేతికిచ్చి "ఢిల్లీలో ఎగరేద్దాం" అంటుంది. అప్పటికే తమ విగ్రహాలు ఊరూరా వెలిశాయని తెలిసినవాళ్ళ మాటలవి. 1943లో ఉన్నవాళ్ళకు ఏం తెలుసు? గాంధీ, నెహ్రూ జైల్లో ఉన్నారని తెలుసు. బెంగాల్‌లో జనం ఆకలితో చచ్చిపోతున్నారని రేడియోలో విన్నారు. ఇంటి నుంచి ఉత్తరం రాదు, తాము రాసింది పోదు. యుద్ధంలో ఎవరు గెలుస్తారో తెలియదు. గెలిచిన జపాన్ మనల్ని ఏం చేస్తుందో అసలే తెలియదు. ఆ చీకట్లో నిలబడి ఒక నిర్ణయం తీసుకున్నవాళ్ళు వాళ్ళు. ప్రేమ కూడా సరిగ్గా అలాంటి నిర్ణయమే. అందుకే ఈ రెండూ ఒకే కథలో ఇముడుతాయి. నువ్వు 1947ని నీ తలలోంచి తీసేయకపోతే ఈ రెండింటికీ బలం ఉండదు.

ఫారర్ పార్క్ సన్నివేశాన్నే తీసుకో. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. రెండు రోజుల తరువాత 40,000 మందికి పైగా భారతీయ సైనికులను ఆ మైదానంలో పోగుచేశారు. ఒక బ్రిటిష్ అధికారి వాళ్ళను జపాన్‌కు అప్పగిస్తున్నట్టు చెప్పి పక్కకు తప్పుకున్నాడు. జపాన్ మేజర్ ఫుజివారా తన భాషలో మాట్లాడితే దాన్ని ఇంగ్లీషులోకి, ఆ ఇంగ్లీషును హిందుస్థానీలోకి మార్చి వినిపించారు. తరువాత కెప్టెన్ మోహన్ సింగ్ లేచి, స్వాతంత్ర్యం కోసం పోరాడే సైన్యంలో చేరమని పిలిచాడు. నీ స్క్రిప్టులో ఆ పిలుపు వినగానే హీరో కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, పిడికిలి బిగుస్తుంది, సంగీతం ఎత్తుకుంటుంది. నేను ఒప్పుకోను. హిందుస్థానీ అంతంతమాత్రంగా వచ్చిన గోదావరి కుర్రవాడికి మైదానంలో వెనక ఎక్కడో కూర్చుంటే ఆ ప్రసంగంలో ఎంత అర్థమై ఉంటుంది? పక్కవాడిని అడుగుతాడు. పక్కవాడు సగమే చెబుతాడు. నిన్నటిదాకా సెల్యూట్ కొట్టించుకున్న దొర ఒక్క మాటతో తమను ఇంకొకడికి అప్పగించి వెళ్ళిపోయాడన్నది మాత్రం అనువాదం లేకుండానే అర్థమవుతుంది. ఆ అవమానం దగ్గర మొదలుపెట్టు.

అతను ఫౌజ్‌లో ఎందుకు చేరాడో కూడా నువ్వు తేల్చుకోలేదు. దేశభక్తి అని ఒక్క మాటలో సరిపెట్టావు. ఆనాడు చేరినవాళ్ళలో నిజంగా దేశం కోసం చేరినవాళ్ళున్నారు. ఖైదీల శిబిరంలో ఆకలికి తాళలేక చేరినవాళ్ళున్నారు. సరిహద్దుకు చేరగానే అవతలి వైపు దూకేద్దామని చేరినవాళ్ళూ ఉన్నారు. మొదట్లో వ్యతిరేకించి, తన కింది సైనికులను కాపాడుకోవడానికి చేరానని ఫౌజ్ అధికారి షానవాజ్ ఖాన్ తరువాత కోర్టులోనే చెప్పాడు. చేరనని మొండికేసిన వాళ్ళలో చాలామందిని న్యూగినీ దీవులకు కూలిపనికి తరలించారు. నీ కుర్రవాడికి కూడా ఒకటికి రెండు కారణాలుండనీ. వాటిలో ఒకటి తనకే సిగ్గనిపించేది కావాలి. ఆ కారణాన్ని అతను ఆమెకు చెప్పగలడా లేదా అన్నది నీ ప్రేమకథకు మొదటి పరీక్ష.

ఇక ఆ అమ్మాయి. ఆమె విషయంలో నువ్వు తొందరపడ్డావు. రంగం అన్నది నీకు గోపురాలూ పడవలూ కనిపించే ఒక తెర మాత్రమే అయింది. ఆ ఊళ్ళో సగానికి పైగా జనం మనదేశం నుంచి వెళ్ళినవాళ్ళే అయిన రోజులవి. ఓడరేవులో మూటలు మోసింది, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చింది ఎక్కువగా మన కోస్తా జిల్లాలవాళ్ళు. 1930 మే నెలలో రేవులోని తెలుగు కూలీలు సమ్మె చేస్తే, వాళ్ళ స్థానంలో బర్మావాళ్ళను పనిలోకి తీసుకున్నారు. సమ్మె ముగిసి బర్మావాళ్ళను మానిపించేసరికి ఊరంతా అల్లర్లు చెలరేగాయి. ఆ అమ్మాయికి 1943లో ఇరవై ఏళ్ళనుకుంటే, ఆ రోజుల్లో తలుపు గడియ పెట్టుకుని మంచం కింద దాక్కున్న జ్ఞాపకం ఆమెకు ఉండి తీరాలి. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక లక్షల మంది మనవాళ్ళు నడిచి బయలుదేరారు. టాంగుప్ కనుమ మీదుగా కొందరు, సరిహద్దు ఊరు తము మీదుగా మణిపూర్‌కు కొందరు. దారిలో కలరాతో, ఆకలితో ఎందరు రాలిపోయారో లెక్క తేలదు. మరి ఈ అమ్మాయి కుటుంబం ఎందుకు ఆగిపోయింది? నీ స్క్రిప్టులో జవాబు లేదు. నడవలేని నాయనమ్మ ఉందా? తండ్రి ముందు వెళ్ళి, మళ్ళీ కబురు పంపలేదా? అది తెలిసేదాకా ఆమె ఫౌజ్‌లో చేరే సన్నివేశం రాయకు.

ఇంకొక సంగతి. ఆ ఊళ్ళో స్వాతంత్ర్యం కోసం తపిస్తున్నవాళ్ళు మనవాళ్ళే కాదు. 1943 ఆగస్టు 1న జపాన్ పహరాలోనే బర్మా స్వతంత్ర దేశమని ప్రకటించుకుంది. 1945 మార్చి 27న బర్మా నాయకుడు ఆంగ్ సాన్ సేనలు అదే జపాన్ మీద తిరగబడ్డాయి. ఆజాద్ హింద్ ఫౌజ్ ఇంకా జపాన్‌తోనే ఉన్న రోజులవి. నీ నాయికకు చిన్ననాటి బర్మా స్నేహితురాలు ఒకతె ఉంటే, ఆ రోజు నుంచి వాళ్ళిద్దరూ ఎదురెదురు పక్షాలు. ఇద్దరి గుండెల్లోనూ ఉన్నది స్వేచ్ఛే. నీ స్క్రిప్టులోని బ్రిటిష్ మేజరు వికటాట్టహాసం కంటే ఇది ఎన్నో రెట్లు గట్టి దృశ్యం. ఆ మేజరును నువ్వు నిర్మొహమాటంగా తీసేయవచ్చు.

జపాన్‌ను కూడా తేలిగ్గా వదిలేశావు. సయాం (నేటి థాయిలాండ్) నుంచి బర్మాకు వేసిన 415 కిలోమీటర్ల రైలుదారి మీద మలయా రబ్బరు తోటల నుంచి పట్టుకెళ్ళిన తమిళ, తెలుగు కూలీలు వేలకు వేలు చచ్చిపోయారు. ఫౌజ్ మహిళా దళమైన రాణీ ఝాన్సీ రెజిమెంటులో చేరిన ఆడపిల్లలు చాలామంది వచ్చింది ఆ తోటల నుంచే. అన్న ఆ రైలుదారి మీద మాయమైపోయిన పిల్ల, ఆ జపాన్‌తో చెయ్యి కలిపిన సైన్యంలో బూట్లు వేసుకుని కవాతు చేస్తుంది. ఆమెను నీ నాయిక పక్క పడకలో పడుకోబెట్టు. రాత్రిపూట ఆమె ఏమీ మాట్లాడకపోయినా చాలు.

రెజిమెంటు గురించి ఒక సవరణ. శిక్షణ శిబిరం 1943 అక్టోబరు 22న సింగపూర్‌లో డాక్టర్ లక్ష్మీ స్వామినాథన్ నాయకత్వంలో మొదలైంది. తుపాకి, బాయొనెట్, పటం చదవడం, మూట మోసుకుంటూ మైళ్ళ కొద్దీ నడక, అన్నీ నేర్పారు. ఇంతవరకు బాగా రాశావు. కానీ ఇంఫాల్ కొండల మీద నీ నాయిక మెషిన్‌గన్ పేల్చడం కుదరదు. ఆ రెజిమెంటును ఇంఫాల్ పోరులోకి దింపలేదు. వాళ్ళు బర్మాలోని మేమ్యో ఆసుపత్రిలో, ముందువరుస నుంచి మోసుకొచ్చిన మగవాళ్ళకు కట్లు కట్టారు. దీన్ని తగ్గింపు అనుకోకు. పోరాడతానని ప్రమాణం చేసి, తుపాకి నేర్చుకుని, చివరికి మలేరియాతో వణికేవాడి నోట్లో గంజి పోస్తూ కూర్చున్న పిల్ల కోపం నీకు దొరికిన నిధి. ఆ కోపం ఎవరి మీద చూపాలో కూడా ఆమెకు తెలియదు.

ఇప్పుడు ప్రేమ. నీ స్క్రిప్టులో వాళ్ళిద్దరూ చెరువు గట్టున నడుస్తూ పాట పాడుకున్నారు. ఆడపిల్లల శిబిరానికి కాపలా ఉండేది, మగవాళ్ళు ఇష్టమొచ్చినట్టు వచ్చిపోయే చోటు కాదది. కానీ నీ హీరో లారీ డ్రైవరు! ఇంతకంటే ఏం కావాలి? దాన్ని నువ్వు మొదటి పది పేజీల తరువాత మరిచిపోయావు. అతను శిబిరానికి బియ్యం బస్తాలు తెస్తాడు. లెక్క రాసుకునే పని ఆమెది. బస్తాలు దించడానికి పట్టినంతసేపే వాళ్ళ కలయిక. ముప్పై బస్తాలుంటే కాస్త ఎక్కువసేపు. రోజులు గడిచేకొద్దీ ఇరవై, తరువాత పన్నెండు, తరువాత ఆరు. ఆమె ఒకటి, రెండు అని పైకి లెక్కపెడుతూ, మధ్యలో గొంతు మార్చకుండా ఒక్క మాట అడుగుతుంది. అతను బస్తా భుజానికెత్తుకుంటూ జవాబిస్తాడు. చివరి రోజు లారీలో మూడే బస్తాలు. యుద్ధంలో ఓడిపోతున్నామని ప్రేక్షకుడికి ఎవరూ చెప్పనక్కరలేదు, వాళ్ళకు మిగిలిన సమయం ఎంతో కూడా చెప్పనక్కరలేదు.

పంక్తి భోజనం కూడా ఉంది. ఫౌజ్‌లో కులం, మతం చూడకుండా ఒకే వంట, ఒకే పంక్తి. ఆ కాలపు మన పల్లెటూరి కుర్రవాడికి అది చిన్న విషయం కాదు. నీ హీరో కులం ఏమిటో, ఆ అమ్మాయిది ఏమిటో నువ్వు ఎక్కడా రాయలేదు. తప్పించుకున్నావనిపించింది. పక్కన కూర్చున్నవాడు ఎవరో తెలిసి మొదటి ముద్ద గొంతు దిగని క్షణం అతనికి ఉండాలి. ఆ ముద్ద దిగాకే ఆమె చెయ్యి పట్టుకునే అర్హత అతనికి వస్తుంది. ఇంటికి తిరిగి వెళితే ఈ పంక్తి ఉంటుందా అని ఇద్దరికీ భయం. దేశం స్వతంత్రమైతే తమ పెళ్ళికి ఊరు ఒప్పుకుంటుందని ఎవరు చెప్పారు?

మణిపూర్‌లోని మొయిరాంగ్‌లో 1944 ఏప్రిల్ 14న జెండా ఎగిరిన మాట నిజమే. అర నిమిషం ఉంచు. తిరుగు ప్రయాణానికి మాత్రం చోటివ్వు. వానలు ముంచెత్తాయి, మందుల్లేవు, విరేచనాలతో నడవలేక బాట పక్కన కూర్చుండిపోయినవాళ్ళు లేవలేదు. 1945 ఏప్రిల్ చివర ఫౌజ్ అధినేత సుభాస్ చంద్రబోస్ రంగం విడిచినప్పుడు రెజిమెంటు అమ్మాయిలు కూడా వెంట బయలుదేరారు. పగలు విమానాలకు భయపడి చెట్ల కింద దాక్కోవడం, రాత్రుళ్ళు నడవడం, చీకట్లో సిట్టాంగ్ నది దాటడం. ఆమెను ఆ గుంపులో పంపు. అతను రంగంలోనే ఉండిపోయి మే నెలలో మళ్ళీ పట్టుబడనీ. ఈసారి తన పాత సైన్యానికే.

అందుకే నీ ముగింపు మార్చమంటున్నాను. 1947 అర్ధరాత్రి జనసందోహంలో వాళ్ళిద్దరూ ఒకరికొకరు ఎదురుపడడం వద్దు. ఫౌజ్ అధికారుల మీద జరిగిన ఎర్రకోట విచారణ కూడా వద్దు, దాని జోలికి వెళితే అది నీ కథను మింగేస్తుంది. నీ ముగింపు 1945 ఎండాకాలంలో ఒక విచారణ గదిలో ఉంది. పట్టుబడిన ఫౌజ్ సైనికులను బ్రిటిష్‌వాళ్ళు ప్రశ్నించి తెలుపు, బూడిద, నలుపు అని విడగొట్టారు. మోసపోయి, బలవంతం మీద చేరానంటే బూడిద. ఇష్టపడి చేరానంటే నలుపు, అంటే కొలువు ఊడుతుంది, జీతం బకాయి పోతుంది, ఇంకేం శిక్ష పడుతుందో తెలియదు. కొన్ని నెలల్లో దేశమంతా ఈ సైనికుల కోసం వీధుల్లోకి వస్తుందనీ, 1946 జనవరి 3న ఎర్రకోట నుంచి ముగ్గురు అధికారులు బయటకు నడిచి వస్తారనీ అతనికి తెలియదు. స్వతంత్ర భారత సైన్యం కూడా తమను తిరిగి తీసుకోదనీ తెలియదు. తెలిసింది ఒక్కటే. బలవంతం మీద చేరానని ఒక్క మాటంటే ఇల్లు చేరతాడు. కానీ ఆ మాటంటే ఆ మైదానం, ఆ పంక్తి, ఆ బస్తాల లెక్క, ఆ అమ్మాయి, ఏదీ తాను కోరుకున్నది కాదని సంతకం పెట్టినట్టే. మొదట్లో అతనికి సిగ్గుపడే కారణం ఒకటి పెట్టమన్నాను కదా, అది ఇక్కడ పనికొస్తుంది. బలవంతం అనే మాట పూర్తి అబద్ధం కూడా కాదు మరి.

అతను ఏమంటాడో నేను చెప్పను. అది నువ్వు తేల్చాలి. ముందు ఆ గది రాయి. తరువాత వెనక్కి వచ్చి బస్తాల సన్నివేశాలు రాయి. పాటలు, పోరాటాలు ఆ తరువాత చూసుకుందాం. ఆ రెండూ పూర్తయిన రోజున మొత్తం స్క్రిప్టు అక్కరలేదు, ఆ పేజీలే పంపు.

ఇట్లు
నీ శ్రేయోభిలాషి