నిమ్మరసం లాభం 920 రూపాయలు

"బడి పిల్లలకు పర్యావరణం, న్యాయమైన వ్యాపారం లాంటివి ఏ వయసులో, ఎలా నేర్పాలి?" అని అడిగారు.

ఏ వయసులో అంటే, చిల్లర లెక్కపెట్టడం వచ్చిన రోజు నుంచి. ఎలా అంటే మాత్రం, వ్యాసరచన పోటీలతో కాదు. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. 'ప్లాస్టిక్‌ను తరిమికొడదాం' అని ప్లాస్టిక్ ఫ్లెక్సీ కట్టి, దాని ముందు పిల్లల్ని నిలబెట్టి ఫొటోలు తీయడం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. భూమిని కాపాడదాం అనే ప్రాజెక్టుకు థర్మాకోల్ గోళం! బడి ఎదురు కొట్లో రెడీమేడ్‌గా దొరుకుతుంది. రంగు కూడా వాళ్లే వేసిస్తారు, పేరు రాసుకోవడమే మనవాడి పని.

2023 నవంబరు 14న మా బడిలో పిల్లల సంత పెట్టాం. తలా ఒక కొట్టు, పెట్టుబడి వాళ్లదే, ఎక్కువ లాభం వచ్చినవాళ్లకు బహుమతి. ఆ రూలు పెట్టింది నేనే. గెలిచింది ఎనిమిదో తరగతి కుర్రాడు, నిమ్మరసం కొట్టు. మర్నాడు వాడి లెక్క బోర్డు మీద రాయించాను. గ్లాసు పది రూపాయల చొప్పున 150 గ్లాసులు, 1500. నిమ్మకాయలు 240, పంచదార 180, ఉప్పు 10, గ్లాసులు 90, ఐసు 60. ఖర్చు 580 పోను లాభం 920. క్లాసంతా చప్పట్లు.

"ఐసు అంత చవగ్గా ఎక్కడ దొరికిందిరా?" అన్నాను, మెచ్చుకోలుగానే.

"చేపలవాళ్లు కొనే చోట, మాస్టారూ."

చప్పట్లు ఆగిపోయాయి. చేపల పెట్టెల్లో వేసే ఐసు తాగే నీళ్లతో చేయాలని ఎవరూ పట్టించుకోరు. నేను రెండు గ్లాసులు తాగాను. హెడ్మాస్టరుగారు మూడు. పిల్లలు ఎవరికి వాళ్లు పొట్ట తడుముకుంటున్నారు. వాడి మొహంలో మాత్రం తప్పు చేసిన భయం లేదు. "మీరు లాభం చూస్తామన్నారు కదా మాస్టారూ" అన్నాడు. ఏం చెప్పను?

ఇంతలో వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచింది. నెమ్మదిగా మాట్లాడే పిల్ల, మజ్జిగ అమ్మి 140 రూపాయలు మిగుల్చుకుంది. ఇంటి నుంచి తెచ్చిన స్టీలు గ్లాసులు కడుక్కుంటూ సగం గిరాకీ పోగొట్టుకుందని అంతకుముందే అందరూ నవ్వారు. "వాడి ప్లాస్టిక్ గ్లాసులు సాయంత్రం ఆయమ్మ ఏరింది. ఆ కూలి ఈ లెక్కలో ఏదండీ?" అంది.

నా సర్వీసులో ఇంత మంచి ప్రశ్న ఇంకొకటి వినలేదు. 920లో ఆయమ్మ రెండు గంటల కష్టం ఉంది, మా పొట్టలు ఉన్నాయి, కాలవలో పడి కొట్టుకుపోయిన గ్లాసులూ ఉన్నాయి. ఒకడి లాభంలో ఎదుటివాడి ఖర్చు ఎంత దాగి ఉందో చూడటం వస్తే చాలు, ఫ్యాక్టరీ గురించైనా పిల్లలు వాళ్లే అడుగుతారు. పర్యావరణం తప్పనిసరి పాఠం కావాలని, పర్యావరణ కేసుల లాయరు ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. పాఠం వచ్చింది, బిట్ పేపరూ వచ్చింది.

అన్నట్టు, ఆ గ్లాసులు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. అయినా అడిగితే కొట్టువాడు లోపల్నుంచి తీసిచ్చాడట. అందుకే తర్వాత పిల్లల్ని బజారుకే పంపాను: తూకం రాళ్ల మీద తూనికల శాఖ ముద్ర ఉందా, అది రెండేళ్లలోపుదేనా, కూల్‌డ్రింక్ మీద ఎమ్మార్పీ ఎంత, తీసుకుంటున్నది ఎంత? కూలింగ్ ఛార్జీ అని రెండు రూపాయలు ఎక్కువ తీసుకుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చని చెప్పాను. ఇద్దరు కొట్టువాళ్లు బడికొచ్చి, "పిల్లలకి చదువు చెప్పండి మాస్టారూ, పోలీసుగిరీ కాదు" అని నాకు క్లాసు పీకి వెళ్లారు. ఆ ఇద్దరి రాళ్ల మీద ముద్ర పాతదే అయి ఉంటుందని నా గట్టి నమ్మకం.

మరుసటి ఏడాది సంతకి రూలు మార్చాను. కొట్టు ఎత్తేశాక ఎవరి చెత్త వాళ్లు తూకం వేయాలి, కిలోకు 50 రూపాయలు లాభంలోంచి కోత. స్టీలు గ్లాసులు వచ్చాయి, విస్తరాకులు వచ్చాయి. చెత్త ఎత్తుకెళ్లి పక్కవాడి కొట్టు వెనక పడేసే తెలివీ వచ్చింది. చేసింది ఎవరంటారా? పోయినేడు చప్పట్లు కొట్టించుకున్న మన నిమ్మరసం వాడే. పక్కకొట్టు పల్లీ చిక్కీ పిల్ల ఊరుకోలేదు. ఆ కుప్పలోంచి పిండిన నిమ్మచెక్కలు ఒక్కొక్కటే ఏరి బల్ల మీద పేర్చి, "చిక్కీలో నిమ్మకాయ వేస్తారా మాస్టారూ?" అని నిలదీసింది. పంచాయితీ మర్నాడు నా పీరియడ్ మొత్తం మింగేసింది. చివరికి ఆ చెక్కలన్నీ మళ్లీ తూచి 35 రూపాయలు వాడి లెక్కలోకి మార్చాం. టీచింగ్ డైరీలో ఆ రోజుకి 'లాభనష్టాలు, పునశ్చరణ' అని రాసుకున్నాను.