ఒట్టోమన్: మెత్తటి కాళ్ళపీటకి ఒక రాజవంశం పేరు ఎలా వచ్చింది?

సోఫా ముందు కాళ్ళు చాపుకునే మెత్తపీటని ఒట్టోమన్ అంటారు కదా, టర్కీ ఒట్టోమన్ సామ్రాజ్యానికీ దీనికీ సంబంధం ఉందా అని అడిగారు. ఉంది, అదే పేరు.

1300 ప్రాంతంలో ఆ రాజ్యానికి పునాది వేసినవాడు ఉస్మాన్. ఈ అరబీ పేరులో మధ్య హల్లు నాలుకని పళ్ళ మధ్య పెట్టి పలికేది. తుర్కులు దాన్ని 'స' చేసి ఒస్మాన్ అన్నారు. ఇటలీ, ఫ్రాన్సు వాళ్ళ నోట అది 'ట' అయింది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీద 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉన్నదీ ఆ పేరే. హైదరాబాదులో 'స' నిలిచింది, పారిస్‌లో 'ట' నిలిచింది, అంతే తేడా.

తుర్కుల ఇళ్ళలో గోడ వెంబడి పరుపులు, దిండ్లు వేసుకుని కూర్చునేవారు. 18వ శతాబ్దంలో ఆ తీరు ఫ్రాన్సులో మోజై, ఒక రకం సోఫాని 'ఒట్టోమాన్' అన్నారు. అంటే మొదట ఇది మనిషి కూర్చునేదే. ఇంగ్లీషులోకి వచ్చాక వీపు, చేతులు లేని మెత్తటి ఆసనం అయింది. కాళ్ళపీట అన్న అర్థం ఆ తర్వాతది. దివాన్ కాట్ కూడా ఇలా వచ్చిందే. కొలువు జరిగే చోటు పేరు ఆసనానికి అంటుకుంది, మన జమీందారుల దివాణం దాని చుట్టమే.

మన ఫర్నిచర్ షాపుల్లో 'పఫ్ఫీ' అనేది మాత్రం వేరే మాట. ఫ్రెంచి 'పూఫ్' నుంచి వచ్చింది, గాలి ఊదిన చప్పుడుని అనుకరించే పదం. 1770లలో పారిస్ దొరసానుల ఎత్తైన కొప్పుకీ ఆ పేరుండేది. ఉబ్బినదేదైనా పూఫే.

కొనేటప్పుడు ఈ తేడా పనికొస్తుంది. ఒట్టోమన్‌కి సాధారణంగా లోపల చెక్క చట్రం ఉంటుంది, పైన ఫోము. పూఫ్‌కి చాలాసార్లు చట్రమే ఉండదు. థర్మకోల్ పూసలతో నింపినదైతే బరువుకి పూసలు నలిగి కిందకి దిగిపోతుంది, మళ్ళీ నింపాలి. రోజూ మనుషులు కూర్చునేట్టయితే చట్రం ఉన్నదే నయం. ఫోము కనీసం 32 డెన్సిటీ (ఘనపు మీటరుకి 32 కిలోల బరువు) ఉండాలి, 40 అయితే ఇంకా మేలు. ఎత్తు సోఫా సీటుతో సమానంగానో, ఒకటి రెండు అంగుళాలు తక్కువగానో చూసుకోండి. ఎక్కువైతే మడమల మీదా నడుం మీదా ఒత్తిడి పడి కాసేపటికి నొప్పి రావచ్చు.

బ్రిటన్‌లో ఉన్నవాళ్ళకి ఒక జాగ్రత్త. అక్కడ ఒట్టోమన్ అంటే తరచుగా మూత తెరిచి దుప్పట్లు దాచుకునే పెట్టె. 'ఒట్టోమన్ బెడ్' అని ఉంటే అది పరుపు పైకి లేచే స్టోరేజీ మంచం. కాళ్ళపీటే కావాలంటే పూఫ్ అనో ఫుట్‌స్టూల్ అనో వెతకండి.