మేకప్ వేసుకుంటే చర్మ రంధ్రాలు పూడిపోయి మొటిమలు వస్తాయా?

మాఘంలో పెళ్లి పెట్టుకున్నారు, మొటిమలున్నాయి, అమ్మ మేకప్ ముట్టుకోనివ్వడం లేదు, ఆవిరి పట్టి ఐస్ రాయమంటోంది. ఇదే కదా మీ టెన్షన్? రాజమండ్రిలో పెళ్లికూతుళ్లకు మేకప్ వేయడం నా పని. ఈ మాట వినని పెళ్లిల్లు లేదు.

ముందు ఆవిరి సంగతి. ఆవిరికి తెరుచుకుని ఐస్‌కి మూసుకోవడానికి రంధ్రాల చుట్టూ కండరాలు లేవు. ఆవిరికి పైనున్న జిడ్డు కాస్త మెత్తబడుతుంది, ఐస్‌కి వాపు తగ్గి కాసేపు నున్నగా కనిపిస్తుంది. పెళ్లిరోజు పొద్దున నేనూ ఐస్ రాస్తాను, అది నిద్రలేక ఉబ్బిన కళ్ల కోసం.

బ్లాక్‌హెడ్స్ మురికి కాదు. నూనె, మృతకణాలు గడ్డకట్టి, పైభాగం చర్మానికి రంగునిచ్చే మెలనిన్ వల్ల, గాలి తగలడం వల్ల నల్లబడుతుంది. ఎంత రుద్దినా ముఖం మండుతుందే తప్ప ఆ నలుపు పోదు. ముక్కు మీద ఒకే సైజులో బూడిదరంగుగా కనిపించే చుక్కలైతే అసలు బ్లాక్‌హెడ్సే కావు, నూనె పైకొచ్చే దారులు, అందరికీ ఉంటాయి. పట్టీ అంటించి లాగినా కొన్ని వారాల్లో మళ్లీ నిండుతాయి.

మేకప్‌తో మొటిమలు రావన్నది కూడా నిజం కాదు. 1972లోనే క్లిగ్‌మన్, మిల్స్ అనే చర్మవైద్యులు మేకప్ వల్ల వచ్చే మొటిమలకు ‘ఆక్నే కాస్మెటికా’ అని పేరు పెట్టారు. కానీ మొటిమలకు అసలు మూలం హార్మోన్లు, వాటివల్ల ఎక్కువగా ఊరే నూనె. డబ్బా మీద ‘నాన్ కామెడోజెనిక్’ (రంధ్రాలు పూడ్చదు) అని ఉంటే కొంత మేలే, పూర్తిగా నమ్మకండి. ఒకప్పుడు ఆ పరీక్షలు కుందేలు చెవి మీద చేసేవారు. అది మన ముఖం కన్నా చాలా సున్నితం.

నా కుర్చీలో కూర్చున్న వాళ్లలో నేను ముందు చూసేది నుదురు. జుట్టు మొదలయ్యే చోట చేత్తో తడిమితే గరగరలాడే సన్నటి పొక్కులుంటాయి. మేకప్‌ని తిడుతుంటారు గానీ, రాత్రి తలకు దండిగా పట్టించిన కొబ్బరినూనె దిండుకీ, అక్కణ్నుంచి ముఖానికీ చేరుతుంది. నూనె మానక్కర్లేదు. తలస్నానానికి గంట ముందు, నుదుటికి తగలకుండా పెట్టుకోండి చాలు.

ఇంకోటి, నన్ను నిజంగా భయపెట్టేది: తెల్లబడతారని మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చే స్టెరాయిడ్ క్రీములు. మొదట్లో మెరుపు వస్తుంది. తర్వాత చర్మం పల్చబడి, ఎర్రబడి, ముఖమంతా ఒకేసారి మొటిమలు లేస్తాయి. వాడుతుంటే ఆ ట్యూబు పట్టుకుని స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. సొంతంగా ఒక్కసారిగా ఆపితే ఇంకా రేగొచ్చు. నిమ్మరసం, వంటసోడా కూడా ముఖానికి వద్దు.

మేకప్ వేసుకోండి. పడుకునే ముందు మైసెల్లార్ వాటర్ (మేకప్ తుడిచే నీళ్లలాంటి ద్రవం)తో తుడిచి, ఫేస్‌వాష్‌తో కడగండి. స్పాంజి, బ్రష్షులు వారానికోసారి ఉతకండి. చిన్న పొక్కులకు 2 శాతం సాలిసిలిక్ ఆసిడ్ సరిపోతుంది, నూనెలో కరిగేది కాబట్టి రంధ్రంలోకి దిగుతుంది. లోతుగా, నొప్పిగా ఉన్నవి మాత్రం గుంటలు పెడతాయి. మచ్చ రంగైతే నేను కప్పేస్తాను గానీ గుంట ఫొటోలో కనిపిస్తుంది. అలాంటివుంటే డాక్టర్ దగ్గరికి ఈ వారమే వెళ్లండి, అడాపలీన్ లాంటి మందు పనిచేయడానికే రెండు మూడు నెలలు పడుతుంది.