అమ్మ దగ్గర చదివిన అబ్బాయికి పాలిటెక్నిక్ సీటు వస్తుందా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర ఒక ఊరు. క్రైస్తవ కుటుంబం. కరోనాలో బడులు మూసినప్పటి నుంచి ఇద్దరు పిల్లల్నీ ఇంట్లో నేనే చదివిస్తున్నాను. అమెరికా వాళ్ల ఏసీఈ (యాక్సిలరేటెడ్ క్రిస్టియన్ ఎడ్యుకేషన్) పేస్ పుస్తకాలు వాడుతున్నాం. బాబుకి 13 నిండాయి. పాపకి 9, అసలు బడి మొహమే చూడలేదు. బాబుకి ఎలక్ట్రానిక్స్ పిచ్చి. మందిరంలో మైకులు, మిక్సరు అన్నీ వాడే చూసుకుంటాడు. మావారు సేవకు పంపుదాం అంటున్నారు. బంధువులు మాత్రం పిల్లల జీవితం పాడు చేస్తున్నారని మొహం మీదే అంటున్నారు. రేపు సర్టిఫికెట్ ఎవరిస్తారన్న టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మళ్లీ బడిలో వేసేయమంటారా?

జవాబు: వందనాలమ్మా. మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. బాబుని బడిలో వేయనక్కర్లేదు. కానీ బోర్డు ఏదో ఇప్పుడే తేల్చుకోవాలి. ఇంట్లో ఎలా చదివించినా మీ ఇష్టం, పరీక్ష మాత్రం మన కాలేజీలు గుర్తించే బోర్డుదే రాయాలి. ఇంట్లో చదివిన పిల్లలు ఇబ్బంది పడేది చాలావరకు చదువు రాక కాదు, ఈ సంగతి పదిహేడో ఏట గుర్తుకు రావడం వల్ల. మీవాడికి ఇంకా 13 ఏళ్లే కాబట్టి కావలసినంత టైముంది.

బంధువులు చట్టం పేరు చెప్పి భయపెడుతున్నారేమో, ఆ మాట కూడా చెప్పేస్తాను. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని దగ్గర్లోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని అందులో ఉంది. చేర్పించకపోతే తల్లిదండ్రులకు శిక్ష అని మాత్రం లేదు. 2012లో ఇదే ప్రశ్న ఢిల్లీ హైకోర్టు ముందుకు వస్తే, తమ ఇష్టంతో ఇంట్లో చదివించుకునేవాళ్లకు ఈ చట్టం అడ్డు రాదని కేంద్రం అఫిడవిట్ వేసింది. అలాగని హోమ్ స్కూల్‌కు ప్రత్యేకంగా అనుమతి ఇచ్చే చట్టం కూడా లేదు. బడి బయట పిల్లల సర్వే అంటూ సీఆర్పీ గారు (విద్యాశాఖ క్లస్టర్ ఉద్యోగి) ఇంటికొస్తే దాక్కోవద్దు, వాదనా పెట్టుకోవద్దు. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి పిల్లల నోటుపుస్తకాలు, మీరు వేసిన టైంటేబుల్ చూపించండి. తల్లికి వందనం డబ్బులు పోతున్నాయని మీ అత్తగారి బాధ కావచ్చు. అది నిజమే, బడిలో హాజరు ఉంటేనే ఆ పథకం వర్తిస్తుంది. ఆ నష్టం తెలిసే ఈ దారి ఎంచుకున్నామని ఒకసారి చెప్పేస్తే ఆ గొడవ అక్కడితో తీరుతుంది.

ఇక మీరు వాడే పుస్తకాలు. పేస్ పుస్తకాల్లో నాకు నచ్చేది ఒకటుంది. ఈరోజు ఎన్ని పేజీలు చేయాలో పిల్లాడే రాసుకుంటాడు, చేసి తనే దిద్దుకుంటాడు. టెస్టులో 80 శాతం రాకపోతే ఆ పుస్తకం మళ్లీ చేయాల్సిందే. ఇలా ఎవరూ వెంటపడకుండా కూర్చుని చదవడం కార్పొరేట్ కాలేజీలో చదివే పిల్లలు చాలామందికి రాదు. బడికి వెళ్లకుండా పరీక్ష రాసే ఓపెన్ స్కూల్ అంతా నడిచేది ఈ అలవాటు మీదే. మీ బంధువులకు ఇది కనబడకపోవచ్చు గానీ మీ చేతుల మీదుగా వాడికి వచ్చిన ఆస్తి ఇదే.

లోటు కూడా చెప్పాలి. ఆ పుస్తకాల్లో ఎక్కువ భాగం ఖాళీలు పూరించడం, ఒక మాటలో జవాబు రాయడం. మన బోర్డు పరీక్షలో రెండున్నర, మూడు గంటలు కూర్చుని, ప్రశ్న చదివి, పేజీలకు పేజీలు పెన్నుతో రాయాలి. సబ్జెక్టు వచ్చినా చెయ్యి తిరగక మార్కులు పోగొట్టుకుంటారు. ఈ వారం నుంచే ప్రతి శనివారం ఒక పాత ప్రశ్నపత్రం ఇచ్చి, గడియారం పెట్టి రాయించండి. మొదట్లో గంటకే చెయ్యి నొప్పంటాడు, రాయనివ్వండి. ఇంకోటి, సోషల్. ఆ పుస్తకాల్లో అమెరికా చరిత్ర ఉంటుంది. మన రాజ్యాంగం, గోదావరి, కృష్ణా, 1947 అన్నీ మీరు వేరేగా చెప్పాల్సిందే. డాలర్లు, పౌండ్లు, అంగుళాల్లో లెక్కలు చేసిన పిల్లాడు సెంటీమీటర్ల దగ్గర తడబడతాడు, అదీ చూసుకోండి.

ఆ కోర్సు పూర్తి చేశాక వచ్చే సర్టిఫికెట్‌ను నమ్ముకుని కూర్చోవద్దు. కోర్సు వేరు, బోర్డు వేరు. విదేశీ సర్టిఫికెట్ ఏదైనా ఇక్కడ చెల్లాలంటే అది ఇక్కడి చదువుకు సమానమని అసోసియేషన్ ఆఫ్ ఇండియన్ యూనివర్సిటీస్ పత్రం ఇవ్వాలి. ఇంట్లో చదివిన పిల్లాడి విషయంలో దాని చుట్టూ తిరగడం నాకైతే దండగనిపిస్తుంది. కేంబ్రిడ్జ్ వాళ్ల పదో తరగతి స్థాయి పరీక్ష ఐజీసీఎస్ఈ ప్రైవేటుగా రాయించే సెంటర్లు పెద్ద నగరాల్లో ఉన్నాయి, కానీ ఫీజు ఎక్కువ, మీవాడు పెట్టుకున్న లక్ష్యానికి అది అవసరమూ లేదు.

మీకు సరిపోయేది ఎన్‌ఐఓఎస్, అంటే కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్. 1989 నుంచి ఉంది. పదో తరగతికి 14 ఏళ్లు నిండితే చాలు. ముందు ఏ బడిలో చదివాడో చూపించే కాగితం లేకపోయినా, పదో తరగతి చదవగలనని స్వయంగా రాసిచ్చే డిక్లరేషన్‌తో చేర్చుకుంటారు. ఐదు సబ్జెక్టులు రాయాలి, వాటిలో కనీసం ఒకటి భాష. పాస్ మార్కు 33 శాతం. ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి పరీక్షలుంటాయి. ఒకసారి చేరితే ఐదేళ్ల గడువు, తొమ్మిది అవకాశాలు. అన్నీ ఒకేసారి రాయనక్కర్లేదు కూడా. అక్టోబర్‌లో ఇంగ్లీషు, తెలుగు రాసేసి మిగతావి ఏప్రిల్‌కి పెట్టుకోవచ్చు. మీలాంటి ఇంటికి ఇది పెద్ద ఊరట. రాష్ట్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్ ఏపీఓఎస్‌ఎస్ కూడా గుర్తింపు ఉన్నదే, తెలుగు మీడియంలో చదివిన పిల్లలకు బాగుంటుంది. మీవాడు చదివిందంతా ఇంగ్లీషులో కాబట్టి ఎన్‌ఐఓఎస్ అంటున్నాను.

సబ్జెక్టుల దగ్గర జాగ్రత్త. ఎన్‌ఐఓఎస్‌లో మ్యాథ్స్ లేకుండా కూడా పది పాసవ్వచ్చు. తేలిగ్గా ఉంటుందని అలా పెట్టించేసి తర్వాత పాలిటెక్నిక్ అనేసరికి లబోదిబోమనే వాళ్లున్నారు. మీవాడికి ఇంగ్లీషు, తెలుగు, మ్యాథ్స్, సైన్స్, సోషల్ పెట్టండి. తెలుగు చూసి భయపడొద్దు. కుటుంబ ప్రార్థనలో రోజూ బైబిల్ పైకి చదివే పిల్లాడికి గ్రాంథిక భాష కూడా కొట్టిన పిండే, రాత మాత్రం సాధన చేయించాలి. టీఎంఏ అని అసైన్‌మెంట్లుంటాయి, వాటికి 20 శాతం మార్కులు. వాటిని ఎవరి దగ్గరో డబ్బులిచ్చి రాయించొద్దు. పుస్తకాలు ఎన్‌ఐఓఎస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. సైన్స్ ప్రాక్టికల్స్ కోసం స్టడీ సెంటర్‌కు వెళ్లాలి, కాబట్టి ఫారంలో సెంటర్ ఎంచుకునేటప్పుడు బస్సులో వెళ్లిరాగలిగినది చూసుకోండి. పరీక్ష రాయకుండానే పాస్ చేయిస్తామనే ఏజెంట్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఎప్పుడూ వినని బోర్డు పేరెవరైనా చెబితే అది కాబ్సే జాబితాలో ఉందో లేదో చూడండి. దేశంలో గుర్తింపు ఉన్న బోర్డుల మండలి అదే.

పది తర్వాత బాబుకి నా ఓటు పాలిటెక్నిక్‌కే. మిక్సరులో గరగర శబ్దం వస్తే అది కేబుల్‌దా, ఎర్తింగ్‌దా, మైకుదా అని ఒక్కొక్కటి తీసి చూసే పిల్లాణ్ని రెండేళ్లు ఎంపీసీ బట్టీలో కూర్చోబెట్టడం కన్నా ఎలక్ట్రానిక్స్ (ఈసీఈ) డిప్లొమా నయం. మూడేళ్లు ల్యాబులో చేత్తో పని చేస్తాడు. అన్నేళ్లు ఇంట్లో ఉన్న పిల్లాడు క్లాసు, హాజరు, స్నేహితులు, లెక్చరర్లకు అలవాటు పడేది కూడా అక్కడే. తర్వాత డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష ఈసెట్ రాస్తే బీటెక్ రెండో సంవత్సరంలోనే చేరొచ్చు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ 120 మార్కులకి ఉంటుంది, ఎక్కువ వాటా మ్యాథ్స్‌దే. ప్రశ్నలు మన రాష్ట్ర పదో తరగతి సిలబస్ నుంచి వస్తాయి. అందుకే ఎన్‌ఐఓఎస్ పుస్తకాలతో పాటు రాష్ట్ర ప్రభుత్వ మ్యాథ్స్, ఫిజికల్ సైన్స్ పుస్తకాలు కొని పక్కన పెట్టండి. లేదు, ఇంటర్ స్థాయి కూడా ఇంట్లోనే అనుకుంటే ఎన్‌ఐఓఎస్ సీనియర్ సెకండరీ ఉంది. ఐదు సబ్జెక్టులతో పాసైతే జేఈఈ మెయిన్‌కూ పనికొస్తుంది.

ఇప్పుడు చాలామంది చూసుకోని కాగితం ఒకటి. కౌన్సెలింగ్‌లో లోకల్ అని చూపించడానికి మిగతా పిల్లలు నాలుగేళ్ల స్టడీ సర్టిఫికెట్లు పెడతారు. మీవాడికి అవి ఉండవు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల్లోనే దీనికి దారి ఉంది. ఆ నాలుగేళ్లలో ఏ విద్యాసంస్థలోనూ చదవనివాళ్లు వరసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో నివాసం ఉన్నట్టు చూపిస్తే లోకల్‌గానే తీసుకుంటారు. తహసీల్దార్ ఇచ్చే నివాస ధ్రువపత్రం అడుగుతారు. దానికి ఆధారంగా ఇప్పటి నుంచే ఒక ఫైలు పెట్టండి. రేషన్ కార్డు, కరెంటు బిల్లులు, బాబు ఆధార్, జనన ధ్రువపత్రం అందులో వేయండి. మధ్యలో ఏడాదిపాటు హైదరాబాద్‌లో మీ అన్నయ్య ఇంట్లో ఉంచుదాం లాంటి ఆలోచనలుంటే ఈ లెక్క చూసుకుని చేయండి. కులధ్రువపత్రం కూడా పదో తరగతి ఫారం నింపేలోపే తీయండి. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చిన కుటుంబాలకు ఇక్కడ బీసీ-సి కింద 1 శాతం రిజర్వేషన్ ఉంది. మీరు ఆ కోవలోకి వస్తే సచివాలయంలో దరఖాస్తు చేయండి. పిల్లాడి స్కూలు రికార్డు లేదు కాబట్టి వాళ్ల నాన్నగారి టీసీ, సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోండి.

మీవారి మాట కొట్టేయడం లేదమ్మా. సేవ అనేది పదమూడేళ్ల పిల్లాడి తరఫున మనం తేల్చేసే విషయం కాదు, అంతే. పైగా సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) లాంటి పెద్ద సంఘాల్లో గురువు కావాలంటే బీడీ అనే వేదాంత కోర్సు చదవాలి, దానికి మామూలుగా డిగ్రీ అడుగుతారు. చేతిలో చదువుంటే వాడు ఎటు వెళ్లినా దారి ఉంటుంది. ఈ మాట మీవారికి మీరు చెప్పడం కన్నా మీ పాస్టర్ గారి చేత చెప్పిస్తే త్వరగా ఎక్కుతుందేమో.

అన్ని సబ్జెక్టులూ మీరొక్కరే మోస్తున్నారని మీ ఉత్తరమంతా చదివితే తెలిసిపోతోంది. మీ సంఘంలో లెక్కల టీచర్‌గా రిటైరైనవాళ్లు, బీఎస్సీ చదివి ఖాళీగా ఉన్న అమ్మాయిలు ఉండే ఉంటారు. వీబీఎస్‌కి (సెలవుల్లో పెట్టే బైబిల్ బడికి) పది రోజులు సమయమిచ్చేవాళ్లు వారానికి ఓ గంట ఇవ్వరా, అడగండి. ఇంట్లో చదివించే కుటుంబాలు మీ దగ్గర్లో ఇంకో రెండు ఉంటే వారానికో పూట కలవండి, పిల్లలకు తోడుంటుంది, మీకూ ఊపిరాడుతుంది. ఒక్క హెచ్చరిక మాత్రం. మందిరం హాల్లో పదిహేను మంది పిల్లల్ని పోగేసి, టీచర్‌ను పెట్టి, ఫీజు తీసుకుంటూ రోజూ నడిపితే దాన్ని అధికారులు ఇల్లనరు, గుర్తింపు లేని బడి అంటారు. విద్యాహక్కు చట్టంలో దానికి లక్ష రూపాయల వరకు జరిమానా, ఆపకపోతే రోజుకి పదివేలు. పోనీ ట్యూషన్ అని బోర్డు పెడదాం అనే తెలివి కూడా వద్దు.

పాప విషయంలో ఇప్పుడు చేయాల్సిందేమీ లేదు. చదవడం, రాయడం, ఎక్కాలు గట్టిగా వస్తే చాలు. రేపు ఎప్పుడైనా మీకు ఓపిక లేకపోయినా, దానికే బడికి వెళ్లాలనిపించినా, 14 ఏళ్ల లోపు పిల్లల్ని వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని చట్టమే చెబుతోంది, టీసీ లేదని వెనక్కి పంపకూడదు. జనన ధ్రువపత్రం ఒకటి తీసి ఉంచండి. అన్నట్టు, ఇద్దరి పేర్లూ జనన ధ్రువపత్రంలో, ఆధార్‌లో ఒకే స్పెల్లింగ్‌తో ఉన్నాయో లేదో ఈ వారమే చూడండి. బైబిల్ పేర్లకు ఒక్కో కాగితంలో ఒక్కో స్పెల్లింగ్ పడుతుంటుంది. ఎన్‌ఐఓఎస్ ఫారంలో ఏది పడితే పదో తరగతి మార్కుల మెమోలోనూ అదే వస్తుంది. ఆ మెమో వచ్చాక దిద్దించడం కన్నా ఇప్పుడు ఆధార్ సెంటర్‌లో ఒక పూట కూర్చోవడం సులువు.